చిన్న గుట్ట ఎక్కినవాళ్లకూ పేజీలో చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

నాది భువనగిరి. కొన్నేళ్లుగా బ్రిటన్‌లో, ఉత్తర వేల్స్‌లోని బాంగోర్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. పొద్దున డ్యూటీకి పోయే ముందు ఫోన్లో మీ జిల్లా పేజీలు చూడటం అలవాటు. వాటిలో ఒకే తీరు వార్త మళ్లీ మళ్లీ కనబడుతుంది. ఫలానా మండలం పిల్లవాడు కిలిమంజారోకు ఎంపికయ్యాడు, ఖర్చు లక్షల్లో ఉంది, తండ్రి ఆటో నడుపుతాడు, దాతలు ఆదుకోవాలి. కొన్నాళ్లకు శిఖరం మీద జెండా పట్టుకున్న ఫొటో, ఊళ్లో శాలువా, సన్మానం. ఆ పిల్లల కష్టం మీద నాకు గౌరవం ఉంది, సాయం చేసే దాతల మీద ఇంకా గౌరవం ఉంది. కానీ ఆ రెండు వార్తల మధ్య ఉండాల్సిన సంగతి ఒకటి ఎక్కడా అచ్చు కావడం లేదు. రాయి ఎక్కడం, తాడు పట్టడం ఈ పిల్లలు ఎక్కడ నేర్చుకుంటున్నారు? ఎవరు నేర్పుతున్నారు?

మా అక్క కొడుక్కి కూడా ఆ కోరిక పుట్టింది. డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు. ఒక ట్రెక్కింగ్ ఏజెన్సీ వాళ్లు కాలేజీకి వచ్చి కిలిమంజారో గురించి చెప్పారట, తిరిగొచ్చాక సర్టిఫికెట్ ఇస్తామన్నారట. మా బావ అప్పు తేవడానికి కూడా సిద్ధపడ్డాడు. ముందు మన భువనగిరి కోట గుట్ట మీద రాక్ క్లైంబింగ్ నేర్చుకో, ఖర్చు తక్కువ, పని ఎక్కువ వస్తుంది అని చెప్పాను. వాడన్న మాటే ఈ ఉత్తరం రాయిస్తోంది: "గంత చిన్న గుట్ట ఎక్కితే పేపర్ల ఎవరేస్తరు చిన్నమ్మా?"

వాడి మాటలో తప్పు లేదు. ఎవరూ వేయడం లేదు. మన దగ్గర కొండ ఎక్కినవాళ్లను ఎత్తుతోనే కొలుస్తున్నాం. కిలిమంజారో 5,895 మీటర్లు, ఎల్‌బ్రస్ 5,642 మీటర్లు అని హెడ్డింగులో అంకె వేస్తాం. కిలిమంజారోను నేను తక్కువ చేయను. అంత ఎత్తులో ఆక్సిజన్ చాలక ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. అయినా మామూలు దారుల్లో అది నడకే. సామాను పోర్టర్లు మోస్తారు, దారి గైడు చూపిస్తాడు, తాడు కట్టే అవసరం రాదు. పర్వతారోహణలో ఒక భాగం అది. రెండో భాగం గురించి మన పాఠకులకు తెలియాలని, నేను తాడు కట్టుకుని ఎక్కిన ఒక చిన్న రూటు, అంటే రాయి మీద ఎక్కే దారి గురించి కాస్త వివరంగా రాస్తున్నాను. దాని మొత్తం పొడవు సుమారు 450 అడుగులు. మా కోట గుట్ట ఎత్తుకు అటూఇటూ ఉంటుంది.

బాంగోర్ నుంచి కారులో కాసేపు పోతే ఓగ్వెన్ లోయ వస్తుంది. రోడ్డు పక్కన బండి ఆపి రాళ్లు పరిచిన బాటన అరగంట నడిస్తే కూమ్ ఇద్వల్. మూడు వైపులా కొండలు, మధ్యలో చెరువు. వేల్స్‌లో మొట్టమొదటి జాతీయ ప్రకృతి రిజర్వుగా 1954లో ప్రకటించింది ఈ చోటునే. చెరువు చివర నీళ్ల మీదికి ఏటవాలుగా వాలిన పెద్ద రాతి పలకలు కనిపిస్తాయి. వాటిని ఇద్వల్ స్లాబ్స్ అంటారు. ఎన్నో కోట్ల ఏళ్ల కింద అగ్నిపర్వతాల బూడిద గట్టిపడి రాయి అయింది. ఆ పలకల మీద పోయే రూట్లలో 'హోప్' ఒకటి. బ్రిటన్ లెక్కలో దాని గ్రేడు 'వీ డిఫ్'. అంటే కొత్తగా ముందుండి ఎక్కడం నేర్చుకునేవాళ్లకు సరిపోయే స్థాయి. ఈ దేశంలో వారాంతాల్లో దాని కింద క్యూ కడతారు. అందుకే మేము పనిదినం చూసుకుని పోయాం.

నాతో ఉన్నావిడ మా క్లబ్బు సభ్యురాలు, బడి టీచర్‌గా రిటైరయ్యారు. నాకు తాడు పని నేర్పింది ఆవిడే. ఆ రోజు నన్ను ముందు పొమ్మన్నారు.

ముందు పోవడం అంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే మొత్తం విషయం అందులోనే ఉంది. పైనుంచి ఎవరూ తాడు వేయరు. బండకు మేకులు, బోల్టులు ఏవీ కొట్టి ఉండవు. తాడు ఒక కొస నా నడుముకు, తొడలకు కట్టిన పట్టీల హార్నెస్‌కు, రెండో కొస కింద నిలబడ్డ ఆవిడ హార్నెస్‌కు. నేను ఎక్కేకొద్దీ ఆవిడ బిలే పరికరంలోంచి, అంటే నేను పడితే తాడును పట్టి ఆపే పరికరంలోంచి, తాడు వదులుతుంటారు. నా హార్నెస్‌కు రకరకాల సైజుల నట్లు వేలాడుతుంటాయి. తీగకు బిగించిన చిన్న అల్యూమినియం దిమ్మెలవి. కొన్ని అడుగులు ఎక్కాక ఒక పగులు చూసుకోవాలి. పైన వెడల్పుగా ఉండి కిందికి సన్నబడే చోటు కావాలి. అందులో సరిపోయే నట్‌ను జారవిడిచి, కిందికి గట్టిగా గుంజి, కదలకపోతే దానికి క్లిప్ తగిలించి తాడు వేయాలి. ఆ నట్‌కు రెండు మీటర్లు పైకి పోయి జారితే నాలుగు మీటర్లు పడతాను, పైగా తాడు సాగినంత. నేను పెట్టిన నట్ నిలిస్తేనే ఆ తాడు నన్ను ఆపుతుంది. కింద ఆవిడ చెయ్యి తాడు మీద ఉంటేనే నట్ నిలిచి లాభం.

ఇలాంటి రూటును తాడు అందినంత మేర ఒక్కో దశగా ఎక్కుతారు. మొదటి దశ నిట్టనిలువుగా ఏమీ ఉండదు. చేతులతో గుంజుకోవాల్సిన పని తక్కువ, పాదాల మీద నమ్మకం పెట్టాలి. చిక్కంతా నునుపుతోనే వస్తుంది. వందేళ్లుగా వేలమంది బూట్లు రుద్దిన రాయి, కాలు పెట్టే గుంటలన్నీ అద్దంలా మెరుస్తాయి. ఎండాకాలమే అయినా చెరువు మీంచి చలిగాలి కొడుతోంది. వేళ్లు మొద్దుబారాయి. నట్ల మధ్య దూరం పెరిగినచోట నాకు టెన్షన్ వచ్చింది, దాచుకోవాల్సింది ఏమీ లేదు. అలాంటప్పుడు ఆగి, మడమలు కిందికి దించి, అరికాలు ముందు భాగం మొత్తం రాతికి ఆనించి, ఊపిరి తీసుకుని తర్వాతి అడుగు చూసుకోవాలి. కోట గుట్ట మీద చిన్నప్పుడు వట్టి కాళ్లతో పరిగెత్తినప్పుడు నేర్చిన ఒడుపే అది.

రెండో దశలో జంట పగుళ్లు వస్తాయి. ఈ రూటులో గట్టి చోటు అదే. పక్కపక్కనే పైకి పోయే రెండు సన్నటి పగుళ్లు, వాటి చుట్టూ మరీ నున్నబడిన రాయి. చేతివేళ్లు పగుల్లో దూర్చి, పక్కకు ఒరిగి, కాళ్లు రాతికి అదిమి లేవాలి. నట్ పెట్టడానికి మాత్రం ఇంతకన్నా మంచి చోటు దొరకదు. ఇక్కడ నేను తీరిగ్గా సైజు మార్చి చూసుకుని, మనసుకు పూర్తిగా నచ్చాకే లేచాను. ఎక్కడానికి పట్టింది కాసేపే. ఆ నట్ సరిగ్గా కూర్చోవడానికే ఎక్కువ సేపు పట్టింది. ఈ విద్యలో సమయమంతా అక్కడే పోతుంది, పోవాలి కూడా.

దశ ముగిసిన చోట నిలబడేందుకు చిన్న అంచు ఉంటుంది. అక్కడ ఒక్క నట్‌ను నమ్మరు. రెండు మూడు వేర్వేరు పగుళ్లలో పెట్టి, బరువు అన్నిటిమీదా సమంగా పడేలా స్లింగ్ అనే గట్టి పట్టీతో కలిపి, నన్ను నేను కట్టుకున్నాక 'సేఫ్' అని అరుస్తాను. అప్పుడు కింద ఆవిడ బిలే విప్పుతారు. ఇక నేను తాడు గుంజుకుని, నా పరికరంలో వేసి, 'రెడీగా ఉంటే ఎక్కండి' అంటాను. ఆవిడ ఎక్కుతూ నేను పెట్టిన ప్రతి నట్‌నూ తీసి తన నడుముకు తగిలించుకుని వస్తారు. మేము పోయాక ఆ రాయి మీద మా గుర్తు ఒక్కటీ మిగలదు. తర్వాత వచ్చేవాళ్లకు అది మాకు దొరికినట్టే దొరుకుతుంది. వేల్స్ కొండల్లో ఎక్కేవాళ్లు ఈ నియమాన్ని చాలా పట్టుదలగా కాపాడుకుంటున్నారు.

ఈ రూటును మొదట ఎక్కింది 1915లో. ముందుండి ఎక్కింది ఎమిలీ డానియెల్ అనే మహిళ. నార తాడు నేరుగా నడుముకు కట్టుకునే రోజులవి, నట్లు లేవు, హార్నెస్ లేదు. ముందున్న మనిషి జారకూడదు, అంతే. వెంట వెళ్లినవాళ్లలో ఐ.ఎ. రిచర్డ్స్ ఉన్నారు. మన విశ్వవిద్యాలయాల్లో ఎమ్మే ఇంగ్లిష్ చదివినవాళ్లంతా పరీక్షకు చదివిన విమర్శకుడు ఆయనే. తర్వాత 1918లో, ఈ పలకలకు పైనున్న హాలీ ట్రీ వాల్ అనే రాతి గోడను రిచర్డ్స్, డొరొతీ పిల్లీ తదితరులతో కలిసి ఎక్కారు. రిచర్డ్స్, పిల్లీ ఇద్దరూ తర్వాత పెళ్లి చేసుకున్నారు. ఆడవాళ్లు తమ తాడు తామే నడిపించుకోవాలని పినకిల్ క్లబ్ పెట్టుకున్నది 1921లో, ఇక్కడికి దగ్గర్లోని పెన్-ఎ-గ్వ్రిడ్ హోటల్లోనే. మన ఆడపిల్లల చేతుల్లో కూడా తాడు పెట్టాలి అని నేను అనడానికి ఇది కూడా ఒక కారణం.

హోప్ పక్కనే 'టెన్నిస్ షూ' అనే రూటు ఉంది. దాన్ని 1919లో ఎక్కింది నోయెల్ ఒడెల్. 1924లో ఎవరెస్టు ఎక్కుతూ తిరిగిరాని మాలరీ, ఇర్విన్‌లను చివరిసారి చూసిన మనిషి ఆయనే. 1953లో ఎవరెస్టును గెలిచిన జట్టు బయల్దేరే ముందు ఆక్సిజన్ పరికరాలు తగిలించుకుని పరీక్షించుకున్నది కూడా ఈ కొండల్లోనే. ఆ పెన్-ఎ-గ్వ్రిడ్ హోటల్ గది పైకప్పు మీద వాళ్ల సంతకాలు ఇప్పటికీ ఉన్నాయి. ఎవరెస్టు అంటే మనకు హిమాలయం ఒక్కటే గుర్తొస్తుంది. అక్కడికి పోయినవాళ్లు చెయ్యి సాధన చేసింది ఇలాంటి నాలుగైదు వందల అడుగుల రాళ్ల మీద.

జో బ్రౌన్ సంగతి ఇంకా ముఖ్యం. ఆయన మాంచెస్టర్‌లో బిల్డింగ్ పనులు చేసుకునే కార్మికుడు. ఊరి పక్క రాళ్ల మీద, తర్వాత వేల్స్ కొండల మీద ఎక్కడం నేర్చుకున్నాడు. 1955 మే 25న జార్జ్ బ్యాండ్‌తో కలిసి ప్రపంచంలో మూడో ఎత్తైన కాంచన్‌జంగ మీదికి మొదటిసారి చేరింది ఆయనే. సిక్కిం ప్రజలకు అది పవిత్ర శిఖరం. ఇచ్చిన మాట ప్రకారం కొన్ని అడుగుల దూరంలో ఆగిపోయారు. శిఖరానికి కొద్ది కింద వాళ్లకు రాతి గోడ అడ్డమొచ్చింది. అందులో పైకి పోయే పగులు ఒకటి ఉంది. ఎనిమిదిన్నర వేల మీటర్ల ఎత్తులో, ఆక్సిజన్ మాస్కుతో, జో బ్రౌన్ ఆ పగులు ఎక్కాడు. ఊపిరితిత్తుల బలం ఒక్కటే చాలదు అక్కడ. ఎన్నో ఆదివారాలు తడి రాళ్ల మీద పగుళ్లలో చేతులు దూర్చిన అలవాటు ఆ నిమిషంలో పనికొచ్చింది.

మనకు ఉదాహరణ కోసం మాంచెస్టర్ దాకా పోనక్కర్లేదు. మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి 13 ఏళ్ల 11 నెలలు. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన ఆ ఇద్దరూ తాడు మొదట పట్టుకున్నది మా భువనగిరి బండ మీదే. ఆ తర్వాతే డార్జిలింగ్, లదాఖ్, టిబెట్. ఆ వార్తను అన్ని పత్రికలూ మొదటి పేజీలో వేశాయి, వేయాల్సిందే. తర్వాత వచ్చిన పిల్లలు మాత్రం ఆ కథలో చివరి పేజీ ఒక్కటే చదువుకున్నారు. నెలల తరబడి బండ మీద చేసిన సాధన సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అందుకే మా వాడికి కోట గుట్ట 'గంత చిన్న గుట్ట' అయింది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మన గుట్టలు వేల్స్ రాళ్లలా ఉండవు. భువనగిరిది నున్నటి ఏకశిల, పగుళ్లు తక్కువ, చాలాచోట్ల నట్ పట్టదు. అలాంటి చోట శిక్షణ కోసం జాగ్రత్తగా వేసిన బోల్టులు తీసేయమని నేను అనడం లేదు. కానీ దక్కన్‌లో గుండ్ల మధ్య చక్కటి పగుళ్లున్న గుట్టలు కూడా ఎన్నో ఉన్నాయి. ఎక్కడ పగులు ఉందో అక్కడ నట్ నేర్పవచ్చు. చలికాలం పొద్దుటి పూట మన గ్రానైట్ మీద పట్టు దొరికినంత బాగా ఇక్కడి తడి రాయి మీద దొరకదు, ఇది రెండూ ఎక్కినదాన్నిగా చెబుతున్నాను. ఎండ ముదిరితే మానేయాలి, కొండ తేనెపట్లు ఉన్న వైపు అసలు పోకూడదు. ఈ రెండూ స్థానికులకు తెలిసినంత బయటివాళ్లకు తెలియదు.

ఆ గుట్టలే ఇప్పుడు కరిగిపోతున్నాయి. కొన్ని క్వారీలకు పోయాయి. మిగిలినవాటి మీద ప్రేమికుల పేర్లు, పార్టీల గుర్తులు, కోచింగ్ సెంటర్ల ప్రకటనలు పెయింటుతో రాస్తున్నారు. రాయి ఎక్కడం నేర్చుకున్న పిల్లలు పెరిగితే ఆ రాయిని అడిగేవాళ్లు ఊళ్లో ఉంటారు. కూమ్ ఇద్వల్ చుట్టూ ఉన్న కొండలను ఇక్కడివాళ్లు కాపాడుకున్న తీరు చూశాక ఈ మాట నమ్మకంగా రాస్తున్నాను. ఇక్కడ ఎవరికైనా ప్రమాదం జరిగితే వచ్చే పర్వత రక్షణ దళంలో ఉండేది జీతం లేని స్వచ్ఛంద సేవకులే, వాళ్లలో చాలామంది ఎక్కేవాళ్లే. మన జిల్లాల్లో గుట్ట మీద కాలు విరిగి ఎవరైనా చిక్కుకుంటే తాడుతో దించగలిగే యువకులు ఎంతమంది ఉన్నారు? కోటలు, జలపాతాల దగ్గరికి జనం పెరిగిపోతున్న ఈ రోజుల్లో ఈ ప్రశ్న కలెక్టర్లు కూడా వేసుకోవాలి.

దాతలకు ఒక విన్నపం. ఒక్క మనిషి కిలిమంజారో ఖర్చుతో ఒక చిన్న బృందానికి సరిపడా తాళ్లు, హెల్మెట్లు, హార్నెస్‌లు, నట్ల సెట్ కొనవచ్చు. ఒక గురుకులానికో, డిగ్రీ కాలేజీకో అవి ఇస్తే, అర్హత ఉన్న శిక్షకుడి కింద ఏటా కొత్త పిల్లలు నేర్చుకుంటారు. తాళ్లకు వయసుంటుంది. కొన్నేళ్లకు మార్చాలి, ఆ లెక్క కూడా ముందే వేసుకోవాలి. అలా నేర్చుకున్న పిల్లల్లో ఎవరైనా పెద్ద కొండకు పోతామంటే అప్పుడు పంపండి. మా అక్క కొడుక్కి కూడా ఇదే చెప్పాను. ఒక ఏడాది భువనగిరిలో నేర్చుకో, నీ తాడు నీకు తెలిశాక కిలిమంజారో ఖర్చులో నా వంతు నేనిస్తాను అన్నాను. మా బావ అప్పు మాట మానుకున్నాడు. వాడు ఇంకా తేల్చుకోలేదు.

మీకు నా విన్నపం ఇది. ఈ చలికాలంలో ఒక ఆదివారం మీ విలేకరిని, ఫొటోగ్రాఫర్‌ని భువనగిరి బండ దగ్గరికి పంపండి. పర్యాటకులు ఎక్కే మెట్ల దారి మామూలే. పిల్లలు తాడు కట్టుకుని ఎక్కే వైపు పోయి చూడమనండి. ఎవరు ఎంత ఎత్తు ఎక్కారని కాకుండా, ఎవరు ఏం నేర్చుకున్నారని అడగమనండి. ఎవరెస్టు వార్త వేసినప్పుడు కూడా, ఆ మంచులో ముందు పోయి తాళ్లు బిగించిన షెర్పాల పేర్లు కనుక్కుని వేయండి. ఇప్పటిదాకా మన పేజీల్లో ఆ పేర్లు నాకు దాదాపు కనబడలేదు. అలాగే పిల్లల ఫొటో వేస్తే, పైన ఎక్కుతున్న అమ్మాయి పేరు పక్కనే, కింద ఆమె తాడు పట్టుకున్న అమ్మాయి పేరు కూడా అచ్చు వేయండి.

ఇట్లు,
భువనగిరి ఆడబిడ్డ,
బాంగోర్, ఉత్తర వేల్స్